వెండి బండికి ఏ ఎడ్లు కట్టాలి?

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఆదివారం పొద్దున ఫోన్ చేసి, 'నాన్నా, మేమో పాత ట్రైలర్ కొన్నాం' అన్నారనుకోండి. మనకు ఠక్కున గుర్తొచ్చేది ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. 'ఉద్యోగం మానేసి ఇటుకలు తోలతావురా?' అని అడగబోయేలోగా ఫొటో వచ్చేస్తుంది. మూలలన్నీ గుండ్రంగా అరగదీసినట్టున్న అల్యూమినియం పెట్టె. కింద ఒక ఇరుసు, రెండు చక్రాలు, ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప ముక్కు. లోపల మంచం, పొయ్యి, సింకు, మనిషి తిరగడానికి ఇబ్బందిపడేంత బాత్రూము. దానికి ఇంజను ఉండదు, స్టీరింగూ ఉండదు. ఏదో ఒక బండికి తగిలిస్తే కదులుతుంది, లేదంటే పెరట్లో పడుంటుంది. అక్కడివాళ్లు దాన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు. 1950, 60ల నాటిదైతే ముచ్చటపడి 'వింటేజ్' అంటారు.

కొన్న కొత్తలో సరదా అంతా దాన్ని బాగుచేయడం మీదే ఉంటుంది. కుళ్లిన ప్లైవుడ్ పీకడం, కొత్తది వెయ్యడం, కర్టెన్లకు గుడ్డ ఎంచడం, మెరుగు పెట్టడం. ఆర్నెల్ల వారాంతాలు అలా ఇట్టే కరిగిపోతాయి. ఆ తర్వాత ఒకరోజు అసలు ప్రశ్న గుమ్మం ముందు నిలబడుతుంది. దీన్ని ఏ బండి లాగాలి? పక్కింటాయన్ని అడిగితే, 'మీ ఎస్‌యూవీ లాగేస్తుంది' అంటాడు. బండ్లమ్మేవాడైతే ఇంకా హుషారుగా 'బ్రహ్మాండంగా లాగేస్తుంది' అంటాడు. ఈ వారం నా పేచీ అంతా ఆ 'లాగేస్తుంది' అనే మాటతోనే.

లాగడానికి సైకిలు చాలు! వేళాకోళం కాదు. ఈ వెండి పెట్టెల్లో అన్నిటికంటే పేరున్నది ఎయిర్‌స్ట్రీమ్. వాలీ బయామ్ అనే ఆయన కాలిఫోర్నియాలో 1931లో మొదలుపెట్టిన కంపెనీ అది. విమానాల రేకు పని తెలిసిన హాలీ బౌలస్ అనే గ్లైడర్ నిపుణుడు 1934లో రివెట్లు కొట్టిన అల్యూమినియం ట్రైలర్ ఒకటి చేశాడు. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం తయారైన చోట పనిచేసిన మనిషాయన. ఆ బాటలోనే 1936లో బయామ్ 'క్లిప్పర్' వచ్చింది. గాలిని చీల్చుకుపోయే ఆకారం, తేలికైన ఒళ్లు. ఆ తేలికదనాన్ని జనానికి చూపించాలని 1947లో ఫ్రెంచి సైకిల్ వీరుడు ఆల్ఫ్రెడ్ లెటూర్నర్ చేత సైకిలుతో ట్రైలర్‌ని లాగించారు. అతగాడు తొక్కుతున్నాడు, వెనక ఇంత ఇల్లు కదిలి వస్తోంది. ఆ ఫొటో ఎంత పేరు తెచ్చుకుందంటే, కంపెనీ దాన్ని తన ముద్రగానే వాడుకుంది.

ఫొటోలో మాయేమీ లేదు. చదునైన తారురోడ్డు మీద, గాలి నిండిన టైర్లతో నెమ్మదిగా వెళ్లే బండి ముందుకు జరగడానికి కావాల్సిన బలం చాలా తక్కువ. వంద కిలోల బరువుకి కిలో, కిలోన్నర లాగుడు చాలు. కండబలం ఉన్న మనిషి టన్ను బండిని కదిలించగలడు. కానీ లెటూర్నర్‌ని అదే ట్రైలర్‌తో కొండ దిగమని ఎవరూ అడగలేదు. గంటకు 60 మైళ్ల మీద పోతూ, ముందు లారీ సడెన్ బ్రేకు వేస్తే ఆపమనీ అడగలేదు. ఆరు శాతం వాలున్న ఎక్కుడు రోడ్డు వస్తే, పైన చెప్పిన కిలోన్నరకి తోడు వందకు ఆరు కిలోల లాగుడు అదనం. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. 30 మైళ్ల దగ్గర సాధువుగా కనిపించే ట్రైలర్ 60 దగ్గర వేరే జంతువు.

కాబట్టి బండి ఎంచేటప్పుడు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇది ఆ బరువుని మొయ్యగలదా? నిటారుగా పట్టుకోగలదా? ఆపగలదా? 'లాగడం' వీటన్నిటి తర్వాత వస్తుంది, చాలాసార్లు దానంతటదే తేలిపోతుంది.

ముందు కాటా ఎక్కించండి

పాత ట్రైలర్‌తో వచ్చే మొదటి చిక్కు, అది ఎంత బరువుందో ఎవరికీ తెలియకపోవడం. అమ్మినాయన ఆనాటి కరపత్రంలో ఉన్న అంకె చెబుతాడు. 1961లో వచ్చిన 16 అడుగుల 'బాంబి' అనే బుల్లి ఎయిర్‌స్ట్రీమ్ ఖాళీగా రెండు వేల పౌండ్లకి అటూ ఇటూగా ఉండేది, అంటే సుమారు 900 కిలోలు. అరవై ఏళ్ల తర్వాత కూడా అంతే ఉంటుందనుకోవడం, పెళ్లినాటి చొక్కా ఇప్పటికీ పడుతుందనుకోవడం లాంటిదే. మధ్యలో ఎవరో పైన ఏసీ పెట్టించి ఉంటారు. ఇంకెవరో రెండు బ్యాటరీలు, పెద్ద నీళ్ల ట్యాంకు, వంటగట్టుకి గ్రానైటు పలక. గోడల మధ్య ఉన్న దూది లాంటి పొర ఏళ్ల తరబడి వాననీళ్లు తాగి ఉంటుంది. నీళ్లు గ్యాలనుకి 8 పౌండ్ల పైనే. 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే 250 పౌండ్లు, అంటే ఇద్దరు సన్నపాటి మనుషులు లోపల కూర్చున్నట్టు.

1954లో 'ద లాంగ్, లాంగ్ ట్రైలర్' అని ఓ హాలీవుడ్ సినిమా వచ్చింది. లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ కొత్త దంపతులు. భారీ ట్రైలర్ కొనుక్కుని కారుకి తగిలించి ఊళ్లు తిరగడానికి బయల్దేరతారు. ఆ అమ్మాయికి వెళ్లిన ప్రతి చోటి నుంచీ గుర్తుగా ఓ రాయి ఏరుకోవడం, పళ్ల నిల్వ సీసాలు పేర్చుకోవడం అలవాటు. కొండ ఎక్కాల్సి వస్తుంది. మొగుడు రాళ్లు పారెయ్యమంటాడు, ఆవిడ మొగుడికి తెలియకుండా దాస్తుంది. హాలంతా పగలబడి నవ్విన సన్నివేశం అది. బండి బరువు మీద అంత మంచి పాఠం నేను ఏ మాన్యువల్‌లోనూ చదవలేదు. రాళ్లకి బదులు సోనా మసూరి బస్తా, తడి గ్రైండరు, ఆవకాయ జాడీలు పెట్టుకుని చూడండి, మన సినిమా అయిపోతుంది.

అందుకని బండి కొనడానికి ముందే ట్రైలర్‌ని కాటా ఎక్కించాలి. అమెరికాలో హైవేల పక్క లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో ఈ కాటాలుంటాయి. ఇరవై డాలర్ల లోపు పని. సరిపడా పెద్ద పికప్ ఉన్న స్నేహితుణ్ని బతిమాలి, ట్రైలర్‌ని అతని బండికి తగిలించి, ప్రయాణానికి సర్దుకున్నట్టే అన్నీ సర్ది తీసుకెళ్లాలి. కాటాకి మూడు పలకలుంటాయి. ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్ చక్రాలు దేనికదే తూగుతాయి. తర్వాత ట్రైలర్‌ని ఓ పక్కన విప్పేసి ఒక్క పికప్‌నే మళ్లీ తూచాలి. తగిలించినప్పుడు పికప్ చక్రాల మీద ఎంత ఎక్కువ పడిందో, అదే ట్రైలర్ ముక్కు మోపుతున్న బరువు. దానికి ట్రైలర్ చక్రాల అంకె కలిపితే మొత్తం బరువు. చిన్నపిల్లల కూడికే గానీ, నూటికి తొంభై మంది చెయ్యరు.

ఎడ్ల మెడకి తెలిసిన లెక్క

ఈ ముక్కు బరువుని వాళ్లు టంగ్ వెయిట్ అంటారు. పల్లెటూళ్లో పెరిగినవాళ్లకి ఇది కొత్త పాఠమేం కాదు. బండికి ధాన్యం బస్తాలు ఎత్తేటప్పుడు ఓ పెద్దాయన పక్కన నిలబడి, 'అది ముందుకు జరపరా, ఈ రెండూ వెనక్కి వెయ్' అంటూ అజమాయిషీ చేస్తుంటాడు. బరువు వెనక్కి పోతే నొగలు పైకి లేస్తాయి, కాడి గాల్లోకి పోతుంది, మెడకింద తాడు బిగిసి ఎడ్లు ఉక్కిరిబిక్కిరవుతాయి. మరీ ముందుకు వస్తే కాడి మెడమీద కూర్చుని ఎడ్లు అడుగు వెయ్యలేవు. మెడమీద కొంచెం మోపు ఉండాలి, అతి కాకూడదు. ట్రైలర్‌కీ అంతే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముక్కు మీద ఉండాలి. నాలుగు వేల పౌండ్ల ట్రైలర్‌కైతే 400 నుంచి 600 పౌండ్లు.

తక్కువైతే ఏమవుతుంది? వేగం పుంజుకోగానే ట్రైలర్ తోక కుడికీ ఎడమకీ ఊగడం మొదలెడుతుంది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకెళ్లినప్పుడు గాలి ఒకసారి అవతలికి నెట్టి, మరుక్షణం ఇవతలికి గుంజుతుంది. దాంతో ఊపు మొదలవుతుంది. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. పొగరుబోతు దూడ పలుపుతాడు పట్టుకున్నవాణ్ని పొలమంతా ఈడ్చినట్టు, వెనకున్నది ముందున్నదాన్ని ఈడ్చేస్తుంది. హైవేల మీద తిరగబడి కనిపించే ట్రైలర్లలో చాలావాటి కథ ఇదే. ఇంజను బలం చాలక తిరగబడింది ఒక్కటీ ఉండదు. భయపడి కాలితో గట్టిగా బ్రేకు తొక్కితే పరిస్థితి ఇంకా చెడుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, డ్యాష్‌బోర్డు దగ్గరుండే ట్రైలర్ బ్రేకు మీటని చేత్తో నొక్కాలి. వెనకున్నది వెనక్కి లాగితే వరస సర్దుకుంటుంది. మీ పిల్లలకి ఫోన్‌లో ఈ వారం ఏదైనా ఒక్కటి చెప్పాలంటే ఇది చెప్పండి. ఇంతాచేసి, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇంతటి ట్రైలర్ లాగడానికి మామూలు కారు లైసెన్సు చాలు. ఎవరూ పరీక్ష పెట్టరు.

పొడవాటి బండి ఈ ఊపుని బాగా తట్టుకుంటుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే, వెనకనుంచి వచ్చే తోపుకి అంత తొణక్కుండా ఉంటుంది. పొట్టిగా, ఎత్తుగా, ముద్దుగా ఉండే ఆఫ్‌రోడ్ జీపులు చూడ్డానికి మహా బలంగా కనిపిస్తాయి గానీ ఈ పనికి అంత మంచివి కావు. 1935 నుంచీ అదే పేరుతో వస్తున్న షెవర్లే సబర్బన్‌ని ట్రైలర్ జనం తరతరాలుగా నమ్ముకోవడానికి దాని పొడవు కూడా ఓ కారణం.

తలుపు మీది చిన్న కాగితం

ఇప్పుడు మన కుటుంబాల అసలు చిక్కుకి వద్దాం. ప్రకటనలో 'టోయింగ్ కెపాసిటీ 5,000 పౌండ్లు' అని ఇంతింత అక్షరాలతో ఉంటుంది. అక్కడ మనవాళ్ల ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే మూడు వరసల సీట్ల బండ్లు, టొయోటా హైల్యాండర్, హోండా పైలట్ లాంటివి, చాలా మోడళ్లలో ఆ అంకెతోనే వస్తున్నాయి. అయితే పైలట్‌లోనే నాలుగు చక్రాలకీ శక్తి అందేదానికి 5,000 అయితే, రెండు చక్రాలదానికి 3,500. పేరు చూసి లెక్క వెయ్యకూడదు.

అంతకంటే ముఖ్యమైన అంకె ప్రకటనలో ఉండదు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు, నలుపు రంగుల్లో చిన్న స్టిక్కరు ఉంటుంది. 'మనుషులు, సామాను కలిపి ఇంతకు మించరాదు' అని రాసుంటుంది. అదే పేలోడ్. ట్రైలర్ ముక్కు మోపే బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుందని చాలామందికి తెలియదు. ఎద్దు మెడమీద పడ్డది ఎద్దే మొయ్యాలి కదా.

లెక్క వేసి చూద్దాం. స్టిక్కరు మీద 1,200 పౌండ్లు ఉందనుకోండి. బాగుచేసిన 22 అడుగుల పాత ట్రైలర్ కాటా మీద 4,100 తూగింది. 5,000 లాగే బండి ఉంది కదా, ఇంకా 900 మిగిలాయని మనవాడు మురిసిపోతాడు. కానీ బండెక్కేది ఎవరు? మనవాడు 170, కోడలు 140, ఇండియా నుంచి వెళ్లిన అమ్మానాన్నలు 140, 150, పిల్లలిద్దరూ కలిపి 110. ఇక్కడికి 710. వెనక డిక్కీలో కూలర్, బ్యాగులు, చంటిదాని తోపుడు బండి కలిపి 100. ట్రైలర్ ముక్కు 500. ఆ ముక్కుని తగిలించే ఇనుప సరంజామా 80. మొత్తం 1,390. హద్దు 1,200. 'బ్రహ్మాండంగా లాగేసే' బండి, ఇంటి గేటు దాటకముందే 190 పౌండ్లు ఎక్కువ మోస్తోంది. వెనక టైర్లు అణిగిపోతాయి, ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగ్ తిప్పేది, ఎక్కువగా బ్రేకు పట్టేది ఆ ముందు చక్రాలే. చెరకు లోడుతో గట్టెక్కే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేవడం చూసినవాళ్లకి ఈ ప్రమాదం విడమరచి చెప్పక్కర్లేదు.

'పెద్దవాళ్లం కదా, ట్రైలర్‌లోనే మంచం మీద పడుకుని వస్తాం' అని ఓ పెద్దమనిషి నాతో అన్నారు. పాపం ఆయన తప్పు లేదు, చూడగానే ఎవరికైనా అనిపించేదే. కానీ చాలా రాష్ట్రాల్లో నడుస్తున్న ట్రావెల్ ట్రైలర్‌లో మనుషులు ఉండకూడదు. చట్టం ఒప్పుకున్న చోట కూడా ఆ పని చెయ్యకండి. సీటు బెల్టు ఉండదు, ఊపు మొదలైతే మొదట ఎగిరిపడేది లోపలున్నవాళ్లే. కాబట్టి ఆరుగురూ ముందు బండిలోనే కూర్చోవాలి. అందువల్లే ఆ చిన్న స్టిక్కరుకి అంత విలువ.

మరి కంపెనీ చెప్పే పెద్ద అంకె అబద్ధమా? ఒకప్పుడు ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్లు రాసుకునేవారు. తర్వాత అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం జె2807 అనే ప్రమాణం తెచ్చింది. టొయోటా 2011 మోడళ్లతో దాన్ని పాటించడం మొదలెట్టింది, 2015 ప్రాంతానికి పెద్ద అమెరికన్ పికప్ కంపెనీలు కూడా దారికొచ్చాయి. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్ల పొడవునా ఎక్కుతూనే ఉండే ఎడారి రోడ్డు ఉంది. మండుటెండలో, ఏసీ గరిష్ఠంగా పెట్టి, నిర్ణీత వేగం తగ్గకుండా దాన్ని ఎక్కి చూపించాలి. అంకె నిజాయతీగా పుట్టిందే. కాకపోతే ఆ పరీక్ష రోజున బండిలో ఉన్నట్టు లెక్కగట్టేది 150 పౌండ్ల మనుషులు ఇద్దర్నే. అమ్మానాన్నలు, మనవలు, ఆవకాయ జాడీలు ఆ లెక్కలో లేవు.

దిగుడు రోడ్డు

తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన ముక్కుపుటాలకి తగలనివాళ్లు మనలో తక్కువ. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11 వేల అడుగుల పైన ఉంటుంది. ఎక్కేటప్పుడు ఆ ఎత్తున గాలి పలచబడి, టర్బో లేని ఇంజను బలంలో దాదాపు మూడోవంతు పోతుంది. సరే, నెమ్మదిగా ఎక్కుతాం, వెనకవాళ్లు తిట్టుకుంటారు, అంతే. దిగేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది. మన పాత లారీ డ్రైవర్లు ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమంటారు. ఆటోమేటిక్ బండి కొనేటప్పుడు కూడా గేరుని చేత్తో కిందికి దించే వీలుందో లేదో చూడాలి. చాలా కొత్తవాటిలో 'టో' అని ఓ మీట ఉంటుంది, నొక్కితే ఆ పని అదే చేసుకుంటుంది. గేర్‌బాక్సు నూనె చల్లబరిచే కూలర్ కూడా ఉండాలి. లాగుడు పనిలో ఎక్కువగా ఉడికిపోయేది గేర్‌బాక్సే.

ట్రైలర్‌కి దాని సొంత బ్రేకులు పనిచెయ్యాలి. 3,000 పౌండ్లు దాటితే చాలా రాష్ట్రాల్లో అవి తప్పనిసరి, కాలిఫోర్నియాలో 1,500 దగ్గరే మొదలు. అరవై ఏళ్ల ట్రైలర్‌లో బ్రేకు తీగలు ఎలుకలు కొరికి ఉండొచ్చు, డ్రమ్ములు తుప్పుపట్టి ఉండొచ్చు. కర్టెన్ల గుడ్డ ఎంచడానికి ముందు ఈ పని చేయించమని నా పోరు. లాగే బండిలో బ్రేకు కంట్రోలర్ ఉండాలి. ఫ్యాక్టరీలోనే 'టో ప్యాకేజీ' పెట్టిన బండి కొంటే కంట్రోలరో దానికి తీగలో, కూలరు, ఏడు పిన్నుల ప్లగ్గు, గట్టి హిచ్ చాలావరకు కలిసే వస్తాయి. తర్వాత బయట పెట్టించుకుందాంలే అనుకుంటే హిచ్ వస్తుంది గానీ, మిగతావి ఒక్కోటీ ఒక్కో ఖర్చు. పైగా హిచ్ బిగించినంత మాత్రాన బండి స్తోమత పెరగదు.

వెనక పడ్డ బరువుని కొంత ముందు చక్రాలకి పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అని ఒకటుంది. మంచి సాధనం. కానీ కొన్ని బండ్ల మాన్యువల్ అది వాడొద్దనే చెబుతుంది. ముందు మాన్యువల్ చదవాలి, తర్వాత దుకాణానికి వెళ్లాలి. ఇది బరువుని పంచుతుందే తప్ప తగ్గించదు, పేలోడ్ లెక్క అలాగే ఉంటుంది.

పాతదానికి పాత జోడీయే అందం కదా అనేవాళ్లున్నారు. నిజమే, 1960ల ట్రైలర్ ముందు అదే కాలం నాటి ఇంటర్నేషనల్ ట్రావెలాల్ నిలబడితే కళ్లు తిప్పుకోలేం. ఆ రోజుల్లో పెద్ద స్టేషన్ వ్యాగన్లు చాలావరకు గట్టి ఇనుప చట్రం, పెద్ద ఇంజనుతో వచ్చేవి, వాటికి ట్రైలర్ ఓ లెక్కలోది కాదు. 1973 చమురు సంక్షోభంతో ఆ కాలం ముగిసింది. ట్రైలర్ కంపెనీలు చాలా మూతపడ్డాయి, కార్లు చిక్కిపోయాయి. ఆ పాత జోడీ ఊళ్లో ప్రదర్శనకి, పెళ్లి ఫొటోలకి భేషుగ్గా ఉంటుంది. డ్రమ్ము బ్రేకులతో, పిల్లల్ని వెనకేసుకుని కొండలెక్కడానికి మాత్రం నేను ఓటెయ్యను.

పూర్తి వ్యతిరేక దిక్కున, ఎందుకొచ్చిన గొడవని అన్నిటికంటే పెద్ద డీజిల్ ట్రక్కు కొనేసేవాళ్లూ ఉన్నారు. భద్రంగానే ఉంటుంది. అయితే టన్నుల కొద్దీ మోయడానికి చేసిన ఆ గట్టి స్ప్రింగులు తేలికపాటి పాత అల్యూమినియం ట్రైలర్‌ని గుంటగుంటకీ కుదిపేస్తాయనీ, రివెట్లు ఊడొస్తాయనీ ఎయిర్‌స్ట్రీమ్‌తో ఏళ్లుగా తిరుగుతున్నవాళ్లు చెబుతారు. ఎలక్ట్రిక్ పికప్పులకి లాగే బలానికి కొదవే లేదు. 2022లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌ని పత్రికలవాళ్లు ట్రైలర్లు తగిలించి నడిపితే, ఒక చార్జింగుతో వెళ్లే దూరం సగానికీ ఇంకా కిందికీ పడిపోయింది. చార్జింగ్ చోట్లు చాలావరకు కారు ఒక్కటే పట్టేలా ఉంటాయి కాబట్టి ట్రైలర్ విప్పడం, తగిలించడం మరో తద్దినం. దగ్గరి ఊళ్లకైతే పర్వాలేదు.

మరి ఏం కొనాలంటారా? భార్యాభర్తలిద్దరే, బాంబి లాంటి బుల్లి ట్రైలరైతే కొత్త బండి అక్కర్లేకపోవచ్చు. ఇంట్లో ఉన్న టొయోటా సియన్నా లాంటి మినీవ్యాన్‌కే 3,500 పౌండ్ల దాకా అనుమతి ఉంటుంది. కాటా అంకెలు, స్టిక్కరు అంకె సరిపోయాయో లేదో చూసుకుంటే చాలు. ఆరుగురు, 22 అడుగుల ట్రైలరంటే మాత్రం పెద్ద సైజు ఎస్‌యూవీ, లేదా రెండు వరసల సీట్లున్న పికప్. ఐదారేళ్ల పాతదైనా ఫ్యాక్టరీ టో ప్యాకేజీ ఉన్నది. పికప్పుల్లో ఇంకో తమాషా ఉంది. ఒకే పేరు, ఒకే ఇంజను ఉన్న రెండు బండ్లలో తోలు సీట్లు, అద్దాల పైకప్పు, నాలుగు చక్రాల డ్రైవు ఉన్న ఖరీదైనదానికి పేలోడ్ తక్కువ ఉంటుంది. ఆ హంగులన్నిటి బరువూ మోయగల బరువులోంచే కోసుకుంటారు మరి. అందుకే బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ ఎత్తకండి, డ్రైవరు తలుపు తియ్యండి. మనసుపడ్డ బండికి స్టిక్కరు చాలకపోతే, ట్రైలరే చిన్నది చూసుకోవడం కూడా ఒక దారి. ఈ మాట చెబితే నాకు శత్రువులు పెరుగుతున్నారు గానీ, రెండు వేల పౌండ్లు తక్కువున్న ట్రైలర్‌తో ఇరవై వేల డాలర్లు మిగిలినవాళ్లనీ చూశాను.

అన్నీ కుదిరాక మొదటి ప్రయాణం గ్రాండ్ కెన్యన్‌కి పెట్టుకోకండి. ఇంటికి ముప్ఫై మైళ్లలో ఉన్న ఏ స్టేట్ పార్కుకో, పూర్తి సామానుతో, 55 మైళ్లు దాటకుండా వెళ్లి రండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి ఎలాగూ అదే చట్టబద్ధమైన హద్దు. పది మైళ్ల తర్వాత పక్కకి ఆపి, ట్రైలర్ చక్రాల మధ్య భాగం దగ్గరికి చెయ్యి మెల్లగా తీసుకెళ్లి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒక వైపుది చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసిందనో, బేరింగు పోయిందనో అర్థం, అక్కణ్నుంచే మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి. టైర్ల పక్కన అచ్చుపోసిన తయారీ తేదీ కూడా అప్పుడే చదవండి. అరుగుదల కనిపించకపోయినా ఐదారేళ్లు దాటితే మార్చేయడమే. ఆ రోజుకి వంట మాత్రం ఇంట్లోనే చేసి పట్టుకెళ్లండి. పులిహోర, పెరుగన్నం చాలు. అరవై ఏళ్ల నాటి ఆ గ్యాస్ పొయ్యి వెలిగించడం మరో ఆదివారం పని.